చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

పాతకాలపు కిరాణా కొట్లలోనూ, జవుళి దుకాణాల్లోనూ లెక్కలకు ముఖ్యంగా రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. చిట్టా అంటే రోజువారీ పుస్తకం. పొద్దున కొట్టు తెరిచింది మొదలు రాత్రి తలుపు వేసేదాకా జరిగిన ప్రతి లావాదేవీనీ జరిగిన వరుసలోనే అందులో రాసుకుంటూ పోతారు. ఆవర్జా అంటే ఖాతాల పుస్తకం. అందులో ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క పుట. తీరిక దొరికినప్పుడు గుమాస్తా కూర్చుని చిట్టాలోని పద్దుల్ని ఎవరి పుటలోకి వాళ్ళవి ఎక్కిస్తాడు. ‘వాడి చిట్టా అంతా విప్పుతా’ అని మనం ఇప్పటికీ అంటూనే ఉంటాం. తమిళనాడులో ఉన్నవాళ్ళకు ‘పట్టా, చిట్టా’ అనే మాట కూడా తెలిసిందే. అది భూమి రికార్డు, దాని పని వేరు. ఇక్కడ మనం మాట్లాడేది కొట్టు చిట్టా గురించి.

ఈ రెండు పుస్తకాలూ ఇప్పుడు మన ఫోనులో ఉన్నాయి. మనం ఒక మెసేజ్ పంపినా, కొత్త ఫోన్ నంబరు దాచుకున్నా, ఫోనులోని ఒక చిన్న డేటాబేస్ దాన్ని చాలాసార్లు ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తుంది. ముందు చిట్టా రాయడాన్ని కంప్యూటర్ భాషలో ‘రైట్ అహెడ్ లాగింగ్’ అంటారు. చిట్టాలోది ఆవర్జాలోకి ఎక్కించడాన్ని ‘చెక్‌పాయింట్’ అంటారు. పేర్లు కొత్తవిగా ఉన్నా పద్ధతి పాతదే. ఈ పద్ధతి కొట్టు అరుగు మీద నుంచి ఫోను లోపలికి ఎలా వచ్చి చేరిందో ఈ వ్యాసంలో చూద్దాం.

వెనిస్ వర్తకుల మూడు పుస్తకాలు

ఇలాంటి పద్ధతిని అచ్చు పుస్తకంలో వివరించినవాళ్ళలో బాగా పేరొచ్చింది లూకా పాచోలీకి. ఇటలీకి చెందిన ఈయన గణితం చెప్పే క్రైస్తవ సన్యాసి. 1494లో వెనిస్ నగరంలో ఈయన ఒక పెద్ద గణిత గ్రంథం అచ్చు వేయించాడు. అందులో ఒక భాగం వెనిస్ వర్తకుల లెక్కల పద్ధతి గురించి. ఆ వర్తకులకు మూడు పుస్తకాలు ఉండాలంటాడు. మొదటిది చిత్తు పుస్తకం. జరిగింది జరిగినట్టు అక్కడికక్కడే గబగబా రాసుకునేది. రెండోది జర్నల్, అంటే పద్దుల్ని వరుసగా, శుభ్రంగా రాసేది. మూడోది ఖాతాల పుస్తకం.

పాచోలీ చెప్పిన ఒక చిన్న వివరం మన కథకు ముఖ్యం. జర్నల్‌లోని పద్దును ఖాతా పుస్తకంలోకి ఎక్కించగానే, జర్నల్‌లో ఆ పద్దు మీద గీత కొట్టాలి. జమ వైపు ఎక్కిస్తే ఒక గీత, ఖర్చు వైపు ఎక్కిస్తే ఇంకో గీత. మధ్యలో ఎవరైనా పిలిచి పని ఆగిపోయినా, తిరిగి వచ్చి చూసినప్పుడు ఎంతవరకు ఎక్కించామో, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ గీతలే చెబుతాయి. చెక్‌పాయింట్ అనే ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం.

సరే, నేరుగా ఖాతాలోనే రాసేయొచ్చు కదా, రెండుసార్లు రాయడం ఎందుకు? రెండు కారణాలు. మొదటిది వేగం. కొట్టు ముందు పదిమంది నిలబడి ఉండగా ఒక్కొక్కరి పుట వెతికి రాస్తూ కూర్చుంటే బేరం సాగదు. చిట్టాలో అయితే కింది వరుసలో రాసేస్తే చాలు. రెండోది నమ్మకం. ఒక ఖాతాలో తగ్గించి ఇంకో ఖాతాలో పెంచే పని మధ్యలో ఆగిపోతే లెక్క తప్పుతుంది. చిట్టాలో ఆ పద్దు మొత్తంగా ఉంటే, సగంలో ఆగిన పనిని పూర్తి చేసుకోవచ్చు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ రెండు కారణాలే మళ్ళీ ఎదురయ్యాయి.

కరెంటు పోతే ఏమవుతుంది?

1956లో ఐబీఎం సంస్థ రామక్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అమ్మకానికి వచ్చిన కంప్యూటర్లలో డిస్కు ఉన్న మొదటిది అదే. రెండడుగుల వెడల్పున్న 50 పళ్ళేలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండేవి. అన్నీ కలిసి 50 లక్షల అక్షరాలు దాచేవి. ఈనాటి ఒక ఫోటో అంత కూడా కాదు! కానీ అంతకుముందు టేపు మీద వరుసగా వెతుక్కోవలసి వచ్చేది. డిస్కు వచ్చాక కావలసిన పుటకు నేరుగా వెళ్ళి దాన్ని మార్చగలిగారు. అంటే కంప్యూటర్‌కు ఆవర్జా దొరికింది.

దాంతోపాటే తంటా కూడా వచ్చింది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు 500 రూపాయలు పంపుతున్నాం అనుకోండి. మొదటి ఖాతాలో 500 తగ్గించాలి, రెండోదానిలో 500 పెంచాలి. రెండూ డిస్కు మీద వేరు వేరు పుటలు. మొదటి పుట మార్చాక కరెంటు పోయిందనుకోండి. 500 రూపాయలు ఎవరి దగ్గరా లేకుండా పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కంప్యూటర్ డిస్కు మీది పుటను ముందు తన మెమరీలోకి తెచ్చుకుని అక్కడ మారుస్తుంది. తర్వాత ఎప్పుడో డిస్కుకు పంపుతుంది. కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా ఆరిపోతుంది. ఏ పుట డిస్కుకు చేరిందో, ఏది చేరలేదో చెప్పేవాళ్ళు ఉండరు.

జిమ్ గ్రే, నీడ పుటలు

ఈ చిక్కును గట్టిగా పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 1970ల్లో శాన్‌హోజేలోని ఐబీఎం పరిశోధనశాలలో పనిచేశాడు. అదే పరిశోధనశాలలో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ఒక పత్రం ప్రచురించాడు. సమాచారాన్ని అడ్డు వరుసలు, నిలువు వరుసల పట్టికలుగా దాచాలన్నది ఆయన వాదన. అది పనిచేస్తుందని నిరూపించడానికి 1974 ప్రాంతంలో ‘సిస్టమ్ ఆర్’ అనే ప్రయోగం మొదలైంది.

సిస్టమ్ ఆర్‌లో కరెంటు పోయినా లెక్క తప్పకుండా ఉండడానికి రెండు ఉపాయాలు కలిపి వాడారు. మొదటిది రేమండ్ లోరీ రూపొందించిన నీడ పుటల పద్ధతి. పాత పుటను ముట్టుకోకుండా, మార్చిన పుటను డిస్కు మీద కొత్త చోట రాస్తారు. అన్నీ రాయడం అయ్యాక విషయసూచికను ఒక్కసారిగా కొత్త పుటల వైపు తిప్పుతారు. మధ్యలో కరెంటు పోతే పాత సూచిక, పాత పుటలు అలాగే ఉంటాయి. వినడానికి బాగుంది. కానీ పోనుపోను పక్కపక్కన ఉండాల్సిన పుటలు డిస్కు మీద ఎక్కడెక్కడో చెల్లాచెదురయ్యేవి. రెండో ఉపాయం లాగ్, అంటే మన చిట్టా. 1981లో ఆ బృందం తమ అనుభవాన్ని ఒక పత్రంగా రాసింది. పెద్ద ఫైళ్ళ విషయంలో నీడ లేకుండా చిట్టా ఒక్కదానితోనే నడిపే వీలు కల్పించి ఉండాల్సింది అని అందులో ఒప్పుకున్నారు. పెద్ద పరిశోధకులు తాము ఎన్నుకున్న దారి గురించి ఇలా నిజాయితీగా రాయడం వల్లే తర్వాతివాళ్ళకు దారి సులువైంది.

గ్రే 1978లో అచ్చయిన తన పాఠాల్లో చిట్టా నియమాన్ని స్పష్టంగా వివరించాడు. దాన్ని రెండు మాటల్లో చెప్పుకోవచ్చు.

ఒకటి: మార్చిన పుట డిస్కుకు చేరేలోపే, ఆ మార్పు గురించిన చిట్టా పద్దు డిస్కుకు చేరి ఉండాలి. ఆవర్జా ఎప్పుడూ చిట్టాను దాటి ముందుకు పోకూడదు.

రెండు: ‘మీ పని అయింది’ అని మనిషికి చెప్పేలోపే, ఆ పనికి చెందిన పద్దులన్నీ, చివరన ‘పూర్తయింది’ అనే గుర్తుతో సహా, చిట్టాలో పడి ఉండాలి.

ఈ రెండూ పాటిస్తే చాలు. కరెంటు వచ్చాక కంప్యూటర్ చిట్టా తిరగేస్తుంది. ‘పూర్తయింది’ అనే గుర్తున్న పనులు ఆవర్జాలో లేకపోతే ఎక్కిస్తుంది. ఆ గుర్తు లేని పనులు ఆవర్జాలోకి పాకి ఉంటే తీసేస్తుంది. 500 రూపాయలు పూర్తిగా వెళ్ళి ఉంటాయి, లేదా అసలు వెళ్ళి ఉండవు. సగం వెళ్ళడం అనేది ఉండదు.

చరిత్రను మళ్ళీ నడపడం

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. చిట్టా ఆరు నెలల పొడుగున పెరిగిపోయి ఉంటే? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆరు నెలల చిట్టా మొదటి నుంచి చదవాలా? అప్పుడు బ్యాంకు తెరిచేసరికి సాయంత్రం అవుతుంది. అందుకే చెక్‌పాయింట్. ‘ఇక్కడిదాకా ఉన్నది ఆవర్జాలోకి చేరింది, వెతకాలంటే ఇక్కడి నుంచి చూడు’ అని మధ్యమధ్య ఒక గుర్తు పెట్టుకోవడం. పాచోలీ కొట్టమన్న గీత లాంటిదే.

ఈ ఆలోచనలన్నిటినీ ఒక గట్టి పద్ధతిగా కూర్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు మన దక్షిణాదితో సంబంధం ఉన్నదే. సి. మోహన్ చెన్నైలోని ఐఐటీ మద్రాసులో 1977లో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1981లో డాక్టరేట్ తీసుకుని ఐబీఎంలో చేరాడు. 1992లో నలుగురు సహచరులతో కలిసి ‘ఏరీస్’ అనే పద్ధతిని ప్రచురించాడు. అందులో కోలుకోవడం మూడు దశల్లో జరుగుతుంది. మొదట చిట్టా చూసి ఏం జరిగిందో అంచనా వేస్తారు. తర్వాత చిట్టాలో ఉన్నదాన్నంతా, పూర్తికాని పనులతో సహా, జరిగిన వరుసలోనే మళ్ళీ చేస్తారు. దీన్ని వాళ్ళు ‘చరిత్రను మళ్ళీ నడపడం’ అన్నారు. అప్పుడు డేటాబేస్ సరిగ్గా కరెంటు పోయిన క్షణంలో ఉన్న స్థితికి వస్తుంది. చివరగా పూర్తికాని పనుల్ని వెనక్కి తీస్తారు. ఇలా వెనక్కి తీస్తున్న సంగతిని కూడా చిట్టాలో రాస్తారు. వెనక్కి తీస్తుండగా మళ్ళీ కరెంటు పోతే, తీసిందే రెండోసారి తీయకుండా ఉండడానికి! ఏరీస్‌లో ఇంకో సుగుణం, చెక్‌పాయింట్ కోసం పని ఆపనక్కర్లేదు. కొట్టు నడుస్తుండగానే గుమాస్తా తన గుర్తు తాను పెట్టుకుంటాడు.

జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరి 28న ఆయన తన తల్లి అస్థికలు కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో ఫారలాన్ దీవుల వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. తీరరక్షక దళం వెతికింది. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు సంపాదిస్తే వేలమంది వాటిని ముక్కముక్కగా చూసి వెతికారు. పడవ జాడ కూడా దొరకలేదు. ఏదీ గల్లంతు కాకుండా చూడడం ఎలాగో లోకానికి నేర్పిన మనిషి అలా సముద్రంలో గల్లంతయ్యాడు.

యుద్ధనౌక మీద పుట్టిన ఆలోచన

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ పెద్ద కంప్యూటర్ల సంగతులు. బ్యాంకుల్లో, విమాన సంస్థల్లో డేటాబేస్ అంటే వేరుగా నడిచే ఒక సర్వర్. మిగతా ప్రోగ్రాములు దాన్ని అడిగి సమాచారం తీసుకోవాలి. మన ఫోనులో ఉన్నది అలాంటిది కాదు. దాని కథ వేరే చోట మొదలవుతుంది.

2000 సంవత్సరంలో డి. రిచర్డ్ హిప్ అనే అమెరికా ప్రోగ్రామర్, జనరల్ డైనమిక్స్ సంస్థ తరఫున అమెరికా నౌకాదళానికి ఒక ప్రోగ్రాం తయారు చేస్తున్నాడు. యుద్ధనౌకకు దెబ్బ తగిలి నీళ్ళో నిప్పో వ్యాపిస్తే, నష్టాన్ని అదుపు చేయడానికి తోడ్పడే ప్రోగ్రాం అది. దానికి కావలసిన సమాచారం వేరే డేటాబేస్ సర్వర్‌లో ఉండేది. సర్వర్ ఆగిపోతే ప్రోగ్రాం కూడా చేతులెత్తేసేది. ఓడ ప్రమాదంలో ఉన్న సమయంలోనే అసలు అవసరం! అప్పుడు హిప్‌కు వచ్చిన ఆలోచన ఇది: సర్వర్ ఎందుకు? ప్రోగ్రాం తానే డిస్కు మీది ఫైలు తెరిచి చదువుకుంటే సరిపోదా?

అలా పుట్టిందే ఎస్‌క్యూలైట్. 2000 ఆగస్టు 17న మొదటి విడుదల. ఇది ప్రోగ్రాం లోపలే ఇమిడిపోయే డేటాబేస్. వేరే సర్వర్ అక్కర్లేదు, మొత్తం డేటాబేస్ అంతా ఒక్క మామూలు ఫైలు. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా హిప్ దాని మీద హక్కులన్నీ వదులుకున్నాడు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ నుంచి ఇది ఆ ఫోన్లలో ఉంది. ఐఫోన్‌లో, బ్రౌజర్లలో కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మన సంభాషణలు దాచేది కూడా ఈ రకం ఫైలులోనే.

సర్వర్ గది వేరు, ఫోను వేరు. సర్వర్ గదిలో కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది. ఫోను బ్యాటరీ ఎప్పుడైనా అయిపోతుంది, చేతిలోంచి జారుతుంది, ప్రోగ్రాం మధ్యలో మూసుకుపోతుంది. చూసుకోవడానికి నిపుణుడు ఎవరూ పక్కన ఉండడు. అందుకని సగంలో ఆగిన పని చిక్కు ఇక్కడే ఎక్కువ.

పాత పద్ధతి: చెరిపే ముందు నకలు

ఎస్‌క్యూలైట్ మొదటి రూపంలో ఈ రక్షణ లేదు. 2001లో వచ్చిన రెండో రూపంలో వచ్చింది. అయితే అప్పటి పద్ధతి మన చిట్టాకు తలకిందులు. ఒక పుట మార్చే ముందు, ఆ పాత పుటను ఉన్నది ఉన్నట్టు ‘జర్నల్’ అనే పక్క ఫైలులో నకలు చేసుకుంటుంది. ఆ నకలు నిజంగా డిస్కుకు చేరిందని రూఢి చేసుకున్నాక అసలు ఫైలులో కొత్తది రాస్తుంది. అదీ డిస్కుకు చేరాక జర్నల్ ఫైలును తీసేస్తుంది. తీసేసిన ఆ క్షణమే పని పూర్తయినట్టు. మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ తెరిచినప్పుడు జర్నల్ ఇంకా అక్కడే కనబడుతుంది. ‘ఓహో, పని సగంలో ఆగింది’ అని గ్రహించి పాత పుటల్ని తిరిగి అతికిస్తుంది.

పలక మీద రాసింది చెరిపే ముందు పక్క కాగితం మీద ఎక్కించుకోవడం లాంటిది ఇది. భద్రమైన పద్ధతే, కానీ రెండు ఇబ్బందులు. మొదటిది, ఒకరు అసలు ఫైలులో రాస్తున్నంతసేపూ మిగతావాళ్ళు చదవడానికి వీల్లేదు. పలక చెరిపేవాడి చేతిలో ఉంది మరి. రెండోది, చిన్న మార్పుకు కూడా ‘నిజంగా డిస్కు మీద పడిందా?’ అని ఒకటికి రెండుసార్లు ఆగి రూఢి చేసుకోవాలి. ఇలా రూఢి చేసుకోవడం కంప్యూటర్ చేసే నిదానమైన పనుల్లో ఒకటి. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 బ్రౌజర్ తన చరిత్రను, బుక్‌మార్కుల్ని ఎస్‌క్యూలైట్‌లో దాచడం మొదలుపెట్టింది. లినక్స్‌లో ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న ఫైల్ పద్ధతి, ఒక్క ఫైలును రూఢి చేయమంటే పక్క ఫైళ్ళనూ డిస్కుకు తోసేదాకా ఆపేది. దాంతో బ్రౌజర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. నమ్మకానికీ వేగానికీ మధ్య తగువు అప్పుడు అందరి కంటా పడింది.

2010: చిట్టా వచ్చింది

2010 జులై 21న ఎస్‌క్యూలైట్ 3.7.0 విడుదలైంది. అందులో వచ్చిన ముఖ్యమైన మార్పు ఈ రైట్ అహెడ్ లాగ్. దాన్ని పొట్టిగా ‘వాల్’ అంటారు. ఇందులో అసలు ఫైలును అప్పటికప్పుడు ముట్టుకోరు. మార్చిన కొత్త పుటను ‘వాల్’ ఫైలు చివర చేరుస్తారు. దాని తర్వాత ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి. ఒక పనికి చెందిన ఆఖరి పుటకు ‘ఇక్కడితో పూర్తి’ అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చేరని పుటల్ని తర్వాత ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాబట్టి వెనక్కి తీసే పనే లేదు. సగం రాసిన పద్దు చిట్టాలోనే ఉండిపోతుంది, ఆవర్జా దాకా రాదు.

ప్రతి పుట పక్కన ఒక మొత్తం కూడా రాస్తారు. పుటలోని అంకెలన్నిటి నుంచీ లెక్క కట్టిన సరిచూపు సంఖ్య అది. కరెంటు పోయి పుట సగమే పడితే ఆ సంఖ్య కలవదు, వెంటనే దొరికిపోతుంది. ఇంకో తమాషా. చిట్టా పూర్తిగా ఎక్కించాక అదే ఫైలును మళ్ళీ మొదటి నుంచి వాడుకుంటారు. అప్పుడు కింద మిగిలిన పాత పద్దులు కొత్తవాటితో కలిసిపోకూడదు. అందుకని ప్రతి విడతకూ మారే ఒక సంఖ్యను ప్రతి పుటకూ జతచేస్తారు. దాని పేరు ‘సాల్ట్’, అంటే ఉప్పు! ఉప్పు కలవకపోతే అది పాత విడత పద్దు అని అర్థం.

ఇక చదివేవాళ్ళ సంగతి. చదవడం మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ, ఆ క్షణానికి చిట్టా ఎక్కడిదాకా ఉందో ఒక గుర్తు పెట్టుకుంటారు. ఏ పుట కావాలన్నా ఆ గుర్తు లోపల చిట్టాలో ఉంటే అక్కడి నుంచి, లేకపోతే అసలు ఫైలు నుంచి తీసుకుంటారు. వాళ్ళు చదువుతుండగా ఇంకొకరు చిట్టా చివర కొత్తవి చేర్చినా వీళ్ళకు అడ్డం రాదు. చదివేవాళ్ళు రాసేవాణ్ణి ఆపరు, రాసేవాడు చదివేవాళ్ళను ఆపడు. రాసేవాడు మాత్రం ఒకసారికి ఒక్కడే. కొట్టులో కూడా చిట్టా రాసేది ఒకే చెయ్యి కదా.

ఎక్కించే పని ఎవరిది?

చిట్టా పెరిగేకొద్దీ చదవడం నిదానిస్తుంది. అందుకే ఎక్కించడం తప్పదు. మామూలుగా చిట్టా 1000 పుటలకు చేరగానే ఎస్‌క్యూలైట్ తనంతట తానే చెక్‌పాయింట్ చేస్తుంది. 2016 నుంచి మామూలు పుట 4096 బైట్లు, అంటే సుమారు 4 మెగాబైట్ల చిట్టా అన్నమాట. ముందు చిట్టా మొత్తం డిస్కుకు చేరిందని రూఢి చేసుకుంటుంది. తర్వాత పుటల్ని అసలు ఫైలులోకి ఎక్కిస్తుంది. అదీ చేరాకే చిట్టాను మొదటి నుంచి వాడుకోనిస్తుంది. ఎక్కిస్తుండగా కరెంటు పోయినా భయం లేదు. చిట్టా ఇంకా చెక్కుచెదరలేదు కాబట్టి మళ్ళీ ఎక్కించవచ్చు. అదే పుటను రెండుసార్లు ఎక్కించినా నష్టం లేదు. ఒకే పుట చిట్టాలో 50 సార్లు మారి ఉంటే చివరిది ఒక్కటి ఎక్కిస్తే చాలు. ఇక్కడ పని కూడా మిగిలింది.

గమనించండి, చెక్‌పాయింట్ అనే ఒకే మాటకు రెండు చోట్ల రెండు పనులున్నాయి. ఏరీస్‌లో అది ప్రధానంగా ఒక గుర్తు పెట్టుకోవడం. ఎస్‌క్యూలైట్‌లో అది నిజంగా ఎక్కించడమే.

ఒక హద్దు ఉంది. పాత గుర్తు పట్టుకుని ఇంకా చదువుతున్నవాడు ఒకడున్నా, వాడి గుర్తు దాటి ఎక్కించకూడదు. ఎక్కిస్తే వాడు చదువుతున్న పాత పుట మారిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ చదువుతూనే ఉంటే చెక్‌పాయింట్ పూర్తికాదు, చిట్టా పెరుగుతూనే పోతుంది. గుమాస్తాకు ఒక్క పూట తీరిక ఇవ్వని కొట్టు లాంటిదే. ఇంకో హద్దు, ఈ పద్ధతిలో చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ అందరూ ఒకే యంత్రం మీద ఉండాలి. నెట్‌వర్క్‌లో వేరే కంప్యూటర్ మీద పెట్టిన ఫైలుకు ఇది పనికిరాదు.

వేగం కోసం ఒక బేరం కూడా ఉంది. ప్రతి పని పూర్తవగానే చిట్టాను డిస్కుకు రూఢి చేయించవచ్చు. లేదా ఆ రూఢి పనిని చెక్‌పాయింట్ దాకా వాయిదా వేయవచ్చు. రెండోదానిలో వేగం ఎక్కువ. కరెంటు పోతే ఆఖరి కొన్ని పనులు పోవచ్చు, కానీ లెక్క మాత్రం తప్పదు. మిగిలినంతవరకు అన్నీ పొసిగే ఉంటాయి. ఏది కావాలో ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళు తేల్చుకోవాలి. పాటల జాబితాకు ఒకటి సరిపోతుంది, డబ్బు లెక్కకు ఇంకోటి కావాలి.

మనకు పనికొచ్చే మాట

ఇది స్కూల్ ల్యాబ్‌లో ఎవరైనా చేసి చూడొచ్చు. ఎస్‌క్యూలైట్‌లో ఒక డేటాబేస్ తెరిచి, ‘వాల్’ పద్ధతికి మార్చి, రెండు వరుసలు చేర్చండి. ఫోల్డరులో అసలు ఫైలు పక్కన ఇంకో రెండు ఫైళ్ళు కనబడతాయి. ఒకటి చిట్టా. రెండోది చిట్టాలో ఏ పుట ఎక్కడుందో చెప్పే సూచిక. డేటాబేస్‌ను సక్రమంగా మూసేస్తే మిగిలింది ఎక్కించి ఆ రెండూ మాయమవుతాయి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాత ఫోను నుంచి, పాడైన కంప్యూటర్ నుంచి డేటా తీసేటప్పుడు పెద్ద ఫైలు ఒక్కదాన్ని కాపీ చేసుకుని, పక్కనున్న చిన్న ఫైలును చెత్త అనుకుని పారేస్తారు. కొత్త సంగతులన్నీ ఆ చిన్న ఫైలులోనే ఉండి ఉండొచ్చు. ఇంకా ఆవర్జాలోకి ఎక్కని పద్దులు అవే కదా. ఎక్కించడం సగంలో ఆగి ఉంటే ఏకంగా డేటాబేస్ పాడైపోవచ్చు కూడా. ప్రోగ్రాంను మూసి రెండు ఫైళ్ళూ కలిపి కాపీ చేయాలి, లేదా ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న బ్యాకప్ సౌకర్యం వాడాలి. ఊళ్ళోనూ పక్క రాష్ట్రంలోనూ చెదిరి ఉన్న మన కుటుంబాలకు మాటలు, ఫోటోలు, పెళ్ళి కబుర్లు ఇప్పుడు ఎక్కువగా ఫోనులోనే ఉన్నాయి. అందుకని ఇది తెలిసి ఉండడం మంచిది.

చివరగా ఒక తేడా. కొట్టు చిట్టాలో రాసింది చెరపరు. ఎవరైనా తగువుకు వస్తే పాత చిట్టా తీసి చూపిస్తారు. పెద్ద సర్వర్లలో కూడా పాత లాగులు విడిగా దాచుకుంటే, పాత బ్యాకప్ మీద వాటిని వరుసగా మళ్ళీ నడిపి నిన్నటిదాకా రావచ్చు. ఎస్‌క్యూలైట్ చిట్టా అలాంటిది కాదు. ఎక్కించాక దాని మీదే మళ్ళీ రాస్తుంది. మన లెక్క ఇప్పుడెలా ఉందో అది కాపాడుతుంది గానీ, అక్కడికి ఏ దారిన వచ్చామో కాపాడదు. దారి కూడా కావాలనుకుంటే దాన్ని మనమే, పని గట్టుకుని, వేరే దాచుకోవాలి. ఆ పని ఏ ఫోనూ మన తరఫున చేయదు.